మెడలోని ఇరుకు సందు

"నరం మీద నరం ఎక్కింది" అనే మాట వినని ఇల్లు తెలుగునాట అరుదు. తెల్లవారి లేచేసరికి మెడ తిప్పలేకపోయినా, బిందె ఎత్తుతుండగా భుజంలో జివ్వుమన్నా, చేతివేళ్లు తిమ్మిరెక్కినా పెద్దవాళ్లు చెప్పే కారణం అదే. కొందరు తలగడను ఎండలో వేయమంటారు. మరికొందరు క్షౌరశాలకు పోయి మెడను టక్కుమనిపించుకొని రమ్మంటారు. నిజానికి ఒక నరం మరొక నరం మీదికి ఎక్కడం శరీరంలో జరగదు. మనకు వచ్చే మెడపట్టులలో చాలా భాగం కండరాల బిగింపే. నాలుగు రోజులలో అవి తమంతట తామే సడలిపోతాయి. కాని ఈ మెడనొప్పుల గుంపులోనే కలిసిపోయి తిరిగే వేరొక జబ్బు ఉన్నది. అందులో మెడ కంటె చెయ్యి ఎక్కువగా బాధపెడుతుంది. అక్కడ నరం మీదికి నిజంగానే ఏదో ఎక్కి ఉంటుంది. అయితే అది మరొక నరం కాదు. పెరిగిన ఎముక గాని, ఎముకల నడుమ నుండి జారిన మెత్తని పదార్థం గాని అయి ఉంటుంది.

ఇది ఎట్లా జరుగుతుందో తెలియాలంటే మెడ నిర్మాణం కొంత తెలియాలి. మెడలో ఏడు పూసలు ఉన్నాయి. (అంత పొడుగు మెడ గల జిరాఫీకి కూడా ఏడే!) వెన్నుపాము వీటి మధ్య కాలువలో దిగుతూ, కుడి ఎడమలకు ఎనిమిది జతల నరాలను పంపుతుంది. ఏడు పూసలకు ఎనిమిది జతలు ఎట్లా అని సందేహం రావచ్చు. మొదటి జత తలపుర్రెకూ మొదటి పూసకూ నడుమ నుండి వెలువడుతుంది. ఎనిమిదవది ఏడవ పూసకు దిగువ నుండి వస్తుంది. అందువల్ల అయిదు, ఆరు పూసల నడుమ బయటికి వచ్చేది ఆరవ నరం. ఆరు, ఏడు పూసల నడుమ వచ్చేది ఏడవ నరం. ఈ రెండింటికే ఆపద ఎక్కువ. ఏడవదానికి మరీ ఎక్కువ.

రెండవ పూస మొదలుకొని కిందికి, పూసకూ పూసకూ నడుమ ఒక బిళ్ళ ఉన్నది. లేత తాటిముంజ వంటిది అది. చుట్టూ గట్టి నారపొరలు, లోపల నీరు నిండిన మెత్తని గుజ్జు. తల బరువును మోస్తూ, మెడ ఎటు వంగితే అటు తానూ ఒదుగుతుంది. వయసుతోపాటు ఇందులో నీరు తగ్గుతుంది; ముదిరిన ముంజ మాదిరి గిడసబారుతుంది. పొరలలో పగులు ఏర్పడితే లోపలి గుజ్జు వెనుకకు, పక్కకు జారవచ్చు. లేదా బిళ్ళ పలచబడి పూసలు దగ్గరై, వాటి అంచులలో ఎముక మొటిమలు మొలవవచ్చు. మొదటిది కొంత చిన్న వయసువారిలోనూ, రెండవది నడివయసు దాటినవారిలోనూ ఎక్కువగా కనిపిస్తుంది.

నరం బయటికి వచ్చే దారి మరీ ఇరుకైనది. దాని ఎత్తు సుమారు ఒక సెంటీమీటరు; వెడల్పు అర సెంటీమీటరుకు అటూ ఇటూ. ముందువైపు గోడ బిళ్ళా, పూస అంచూ. వెనుక గోడ రెండు పూసలను కలిపే చిన్న కీలు. నరంతోపాటు కొంత కొవ్వు, సన్నని సిరలు కూడ ఈ సందులోనే సర్దుకొంటాయి. మెడను ముందుకు వంచితే సందు కొంచెం విచ్చుకొంటుంది. వెనుకకు వాల్చి పక్కకు తిప్పితే మూసుకొంటుంది. అటక మీది వస్తువు కోసం తల పైకెత్తగానే చెయ్యి జివ్వుమంటున్నదని రోగి చెప్పడానికి కారణం ఇదే.

నొక్కుకొన్న నరం ఏదో వేళ్లే చెబుతాయి. ఆరవ నరమైతే బొటనవేలి వైపు తిమ్మిరి, మోచేయి ముడవడంలో బలహీనత. ఏడవదైతే నడిమివేలు మొద్దుబారి, చెయ్యి చాచి తోసే బలం తగ్గుతుంది. ఎనిమిదవదైతే చిటికెనవేలు తిమ్మిరెక్కి పిడికిలి పట్టు సడలుతుంది. అయిదవదైతే తిమ్మిరి భుజం దగ్గరనే ఆగిపోతుంది, కాని చెయ్యెత్తి తల దువ్వుకోవడం కష్టమౌతుంది. ఇంకొక వింత గుర్తు ఉన్నది. కొందరు రోగులు నొప్పి చేతిని నెత్తిమీద పెట్టుకొని వైద్యుని గదిలోకి వస్తారు. అట్లా పెట్టుకొంటే సాగిన నరం కొంత వదులై బాధ తగ్గుతుంది. ఈ సంగతి వారికి ఎవరూ నేర్పలేదు; రాత్రిళ్లు నిద్రలేక వారే కనిపెట్టుకొన్నది.

ఈ జబ్బు మనుషులలో ఎప్పటినుండో ఉన్నా దాని అసలు స్వరూపం తెలిసి నూరేళ్లు కాలేదు. 1934లో అమెరికాలోని బోస్టను నగరంలో మిక్స్టర్, బార్ అనే వైద్యులు, నడుములో బిళ్ళ జారి నరాన్ని నొక్కడం వల్లనే తుంటినుండి కాలిలోకి దిగే నొప్పి వస్తుందని చూపారు. మెడ వంతు 1943లో వచ్చింది. టెన్నెసీ రాష్ట్రంలోని మెంఫిస్ నగరంలో సెమ్స్, మర్ఫీ అనే శస్త్రవైద్యులు నలుగురు రోగుల వృత్తాంతాన్ని ప్రకటించారు. ఆ నలుగురి లక్షణాలూ గుండెజబ్బును తలపించేవే! ఏడవ మెడనరం నొక్కుకొన్నప్పుడు నొప్పి చేతికి మాత్రమే కాక ఛాతీకీ, రెక్క ఎముక దగ్గరికీ పాకగలదు. గుండెనొప్పి అనుకొని మంచం పట్టవలసిన మనిషికి అసలు దోషం మెడలో ఉండవచ్చునని ఆ వ్యాసం లోకానికి తెలిపింది. దీనిని తిరగేసి అర్థం చేసుకోవడం మాత్రం ప్రమాదం. ఛాతీలో, ఎడమచేతిలో నొప్పి వచ్చినవారు "మెడదేలే" అని ఊరుకోరాదు. ముందు గుండెను పరీక్ష చేయించుకొని, ఆ తరువాతనే మెడ సంగతి చూడాలి.

మరుసటి సంవత్సరం, 1944లో, స్పర్లింగ్, స్కోవిల్ అనేవారు మెడ వెనుకనుండి వెళ్లి పక్కకు జారిన బిళ్ళను తీసే పద్ధతిని వివరించారు. తలను నొప్పి ఉన్న వైపుకు వంచి పైనుండి మెల్లగా నొక్కి, నొప్పి చేతిలోకి దిగుతున్నదేమో చూసే పరీక్ష నేటికీ స్పర్లింగ్ పేరుతోనే నడుస్తున్నది. తరువాత స్వీడను దేశపు వైద్యుడు ఫ్రిక్‌హోమ్ ఈ విషయాన్ని ఇంకా లోతుగా శోధించాడు. అతడు రోగికి పూర్తి మత్తు ఇవ్వక, కోసేచోట మాత్రమే మొద్దుబారేటట్లు చేసి, నాడీమూలాలను ఒక్కొక్కటిగా తాకి చూసి, ఏమి తోస్తున్నదో రోగినే అడిగేవాడు. నరానికి మొదట్లో రెండు పాయలు ఉన్నాయి: స్పర్శను మోసే వెనుక పాయ, కండరాలను కదిలించే ముందు పాయ. వెనుక పాయను తాకితే చేతిలోకి కరెంటు పాకినట్లు చురుకైన నొప్పి. ముందు పాయను తాకితే కండరం లోలోపల సలుపు. రోగులు చెప్పే "పైకి జివ్వుమంటుంది, లోపల పీకుతుంది" అనే రెండు రకాల బాధకు ఇట్లా అర్థం దొరికింది.

ఇక చికిత్స. ఈ జబ్బు వచ్చినవారందరికీ కత్తి అవసరమని అనుకోరాదు. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రపు రోచెస్టరు పట్టణంలో 1976 నుండి 1990 వరకు వచ్చిన రోగులనందరినీ లెక్కించగా, ఏటా లక్షమందిలో సుమారు 83 మందికి ఇది సోకినట్లు తేలింది. అందులో శస్త్రచికిత్సకు వెళ్లినవారు నాలుగోవంతు మాత్రమే. చివరిసారి పరీక్షించేనాటికి నూటికి తొంభైమంది బాధ లేకనో, కొద్దిపాటి ఇబ్బందితోనో కాలం గడుపుతున్నారు. జారిన గుజ్జును శరీరమే పరాయి వస్తువుగా ఎంచి, రక్తంలోని కణాలచేత మెల్లగా హరింపజేయడం ఇందుకు ఒక కారణం. విడివడి దూరంగా జారిన ముక్కలే ఎక్కువగా కరుగుతాయన్నది విచిత్రం. కనుక మొదటి ఆరు నుండి పన్నెండు వారాలు మందులతో, విశ్రాంతితో, తగిన వ్యాయామంతో చూడడం ఆచారం.

ఎం.ఆర్.ఐ. చిత్రాన్ని చూసి భయపడడమూ సరికాదు. 2015లో ప్రకటించిన ఒక జపాను పరిశోధనలో, ఏ బాధా లేని 1,211 మంది మెడలను చిత్రిస్తే వారిలో నూటికి 87 మందికి పైగా ఏదో ఒక బిళ్ళ ఉబికి ఉన్నది! ఉబ్బు ఉన్న ప్రతిచోటా జబ్బు లేదు. చిత్రంలో కనిపించే సందు, మొద్దుబారిన వేలు, బలహీనపడిన కండరం ఈ మూడూ ఒకే నరాన్ని చూపినప్పుడే శస్త్రవైద్యుడు కత్తి గురించి ఆలోచించాలి. పన్నెండు వారాలైనా తగ్గని నొప్పి, లేదా రోజురోజుకూ పెరిగే బలహీనత ఉంటే ఇక జాగు చేయరాదు.

అప్పుడు దారులు రెండు. మొదటిది మెడ ముందునుండి. స్మిత్, రాబిన్సన్ అనేవారు బాల్టిమోరులోనూ, క్లవర్డ్ హొనొలూలూలోనూ 1950 దశకంలో దీనిని రూపొందించారు. గొంతు పక్కగా వెళ్లి బిళ్ళను పూర్తిగా తీసివేసి, ఆ ఖాళీలో ఎముక ముక్కను అమర్చి రెండు పూసలనూ ఒకటిగా అతికిస్తారు. మంచి పద్ధతే, నేటికీ ఎక్కువగా జరుగుతున్నది. అయితే మింగడంలో ఇబ్బంది, గొంతు బొంగురుపోవడం కొందరిలో కొన్నాళ్లు ఉంటాయి. అతుకుపడిన పూసలు కదలవు కాబట్టి ఆ కదలిక భారం ఇరుగుపొరుగు బిళ్ళల మీద పడుతుందనే అనుమానం కూడ ఉన్నది. 1999లో వెలువడిన ఒక పరిశీలనలో, ఇట్లా అతికించినవారిలో ఏటా నూటికి దాదాపు ముగ్గురికి పొరుగు మట్టంలో కొత్త బాధ మొదలైనట్లు కనిపించింది. అది అతుకు వల్లనో, వయసు వల్లనో పూర్తిగా విడదీసి చెప్పడం తేలిక కాదు. కదలికను నిలిపే కృత్రిమ బిళ్ళలు 2007 నుండి అమెరికాలో అనుమతి పొందాయి.

రెండవ దారి వెనుకనుండి. ఇందులోని ఉపాయం చాలా సరళమైనది. ఇరుకు సందులో ముందు గోడ ఉబికితే ఆ గోడనే పడగొట్టనక్కరలేదు. వెనుక గోడను కొంత చెక్కివేసినా నరానికి చోటు దొరుకుతుంది. బిళ్ళ అట్లాగే ఉంటుంది. పూసలను అతికించే పని లేదు, మెడ కదలికకు లోటు లేదు. తాళపుచెవి దూరే పాటి రంధ్రం చాలు కాబట్టి దీనికి ఆ పేరే వచ్చింది. అయితే ఒక కాలంలో ఆ చిన్న రంధ్రానికి చేరుకోవడానికే పెద్ద గాయం చేయవలసి వచ్చేది. మెడ వెనుక తలను నిలబెట్టే దళసరి కండరాలు పొరలుపొరలుగా ఉన్నాయి. వాటిని ఎముకనుండి ఒలిచి పక్కకు లాగితే గాని పూస కనిపించదు. నరం బాధ పోయినా, ఒలిచిన కండరాల నొప్పీ బిగింపూ వారాల తరబడి వేధించేవి. రోగం చేతిలో పోయి మెడలో మిగిలినట్లయ్యేది. ఈ కారణం చేతనే చాలామంది శస్త్రవైద్యులు ముందు దారి పట్టారు.

దీనికి పరిష్కారం చూపింది మళ్లీ మెంఫిస్ నగరమే. సెమ్స్, మర్ఫీల పేరు మీద నెలకొన్న వైద్యశాలకు చెందిన ఫోలీ, 1997లో స్మిత్ అనే సహచరునితో కలిసి, నడుము బిళ్ళ కోసం ఒక గొట్టపు పద్ధతిని ప్రకటించాడు. అనతికాలంలోనే అది మెడకూ వచ్చింది.

రోగికి పూర్తి మత్తు ఇచ్చి బోర్లా పడుకోబెడతారు, లేదా కూర్చోబెడతారు. తల కదలకుండ మూడు మేకుల బిగింపులో ఉంటుంది. కూర్చోబెడితే రక్తం కిందికి జారి పనిచేసేచోటు తేటగా ఉంటుంది; కాని తెగిన సిరలోకి గాలి పీల్చుకొని గుండెకు చేరే ప్రమాదం కొద్దిగా ఉన్నది కనుక మత్తువైద్యుడు కనిపెట్టి ఉండాలి. ముందుగా ఎక్స్-కిరణాలతో మట్టాన్ని గుర్తిస్తారు. ఇది చిన్న పని కాదు. ఒక పూస పైకో కిందికో పొరబడితే శస్త్రచికిత్స అంతా వ్యర్థం. నడిమిగీతకు సుమారు ఒకటిన్నర సెంటీమీటర్ల పక్కగా, రెండు సెంటీమీటర్లకు మించని గంటు పెడతారు. దానిలోనుండి మొద్దు మొన గల సన్నని కడ్డీని కండరపు పోగుల నడుమగా ఎముకదాకా దించుతారు. గోనెసంచిలోకి దబ్బనం దూర్చినప్పుడు జనపనార పోగులు తెగవు, పక్కకు జరుగుతాయి, ఇక్కడా అంతే. ఆ కడ్డీ మీదుగా కొంచెం లావు గొట్టం, దాని మీదుగా ఇంకొంచెం లావుది, ఇట్లా ఒకదానిపై ఒకటి తొడుగుతూ పోతారు. చివరి గొట్టం లోపలి అడ్డుకొలత 16 నుండి 18 మిల్లీమీటర్లు. లోపలివన్నీ తీసివేస్తే ఎముక దాకా ఒక బావి మిగులుతుంది.

నడుములో చేసినదాన్నే మెడలో చేస్తే చాలదా అంటే, చాలదు. మెడపూసల పలకల నడుమ ఖాళీ ఉన్నది. సన్నని వాడి తీగ ఆ ఖాళీలోకి జారితే తగిలేది వెన్నుపామునే. అందువల్ల కడ్డీని పక్కనున్న కీలు ఎముక గట్టి భాగం మీదనే ఆనిస్తారు. మరీ పక్కకు పోతే ఇంకొక ఆపద. మెదడుకు రక్తం తీసుకొనిపోయే ధమని ఒకటి ఆరవ పూసనుండి పైకి పూసల పక్క రంధ్రాలగుండా సాగుతుంది. (క్షౌరశాలలో మెడను బలంగా విరిచినప్పుడు లోపలిపొర చిట్లగలిగినది ఈ ధమనే. అట్లా చిట్లి పక్షవాతం వచ్చిన సందర్భాలు అరుదుగానైనా వైద్యగ్రంథాలకు ఎక్కాయి.)

గొట్టంలోనుండి ఎండోస్కోపుతో గాని, సూక్ష్మదర్శినితో గాని చూస్తూ, పూస పలకా కీలూ కలిసే మూలను వజ్రపుపొడి అద్దిన చిన్న బొంగరంతో అరగదీస్తారు. వేడికి నరం కమలకుండ చల్లని ఉప్పునీరు ధారగా పోస్తూనే ఉండాలి. ఎముక కోడిగుడ్డు పెంకు మాదిరి పలచబడినాక చిన్న పట్టుకారుతో ఆ పెంకును తుంచివేస్తారు. కీలులో సగానికి మించి తీయకూడదన్నది గట్టి నియమం. మించితే ఆ మట్టంలో పూసలు పట్టు తప్పుతాయి. అప్పుడు కనిపిస్తుంది నరం, చుట్టూ అల్లుకొన్న సిరల మధ్య. ఆ సిరల రక్తస్రావాన్ని ఆపడానికి ఓర్పు కావాలి. జారిన గుజ్జు ఉంటే నరం చంకలోనుండి సన్నని కొక్కెంతో దాన్ని బయటికి తీస్తారు. ఇక్కడ నేర్పరులు సైతం మోసపోయే చోటు ఒకటి ఉన్నది. ముందు పాయ కొందరిలో విడిగా, వేరే తొడుగులో, వెనుక పాయ కిందుగా నడుస్తుంది. చూపుకు అది ఉబికిన బిళ్ళ వలెనే ఉంటుంది. దానిని బిళ్ళ అనుకొని కోస్తే చేతిలోని కండరం పడిపోతుంది.

పని ముగించి గొట్టాన్ని పైకి లాగుతుంటే కండరపు పోగులు తిరిగి తమ చోటికి ఒదుగుతాయి. రెండు మూడు కుట్లు చాలు.

దీనివల్ల రోగికి మిగిలిందేమిటి? 2002లో అమెరికాలో ఫెస్లర్, ఖూ అనేవారు కొత్త పద్ధతిలో చేసిన 25 మందిని, పాత పద్ధతిలో చేసిన 26 మందితో పోల్చారు. పోయిన రక్తం మట్టానికి 246 మిల్లీలీటర్లనుండి 138కి తగ్గింది. ఆస్పత్రిలో ఉండవలసిన కాలం 68 గంటలనుండి 20 గంటలకు దిగింది. నొప్పికి ఇచ్చే మత్తుమందు సుమారు నాలుగోవంతు సరిపోయింది. చేతినొప్పి తగ్గడం మాత్రం రెండింటిలోనూ దాదాపు సమానమే. ఇది గమనించదగినది: గంటు చిన్నదైనంత మాత్రాన నరానికి ఎక్కువ మేలు జరగలేదు, మేలు జరిగింది కండరానికి. తరువాత జర్మనీలో ర్యూటెన్ బృందం 5.9 మిల్లీమీటర్ల ఎండోస్కోపుతో, నీటిధార కింద ఇదే పనిని చేసి 2008లో ఫలితాలు ప్రకటించింది.

ముందు దారి మేలా, వెనుక దారి మేలా అనే పాత వాదానికి నెదర్లండ్సు వైద్యులు చీట్లు వేసినట్లుగా రోగులను రెండు జట్లుగా విభజించి సమాధానం వెదికారు. 265 మంది పాల్గొన్న ఈ పరిశోధన 2023లో వెలువడింది. సంవత్సరం నాటికి వెనుక దారి ముందు దారికి ఏమీ తీసిపోలేదని తేలింది. ఏ దారి పట్టాలో చాలావరకు జబ్బు ఉన్న చోటే నిర్ణయిస్తుంది. సందు బయటి భాగంలో, ఒక పక్కన, మెత్తని ముక్కో ఎముక మొటిమో నొక్కుతుంటే వెనుక గంటు చక్కగా ఒదుగుతుంది. మెడ ముందుకు గూని పోయినా, పూసలు పట్టు తప్పి జారుతున్నా పనికిరాదు.

నరం కాక వెన్నుపామే మధ్యలో నొక్కుకొంటే సంగతి పూర్తిగా వేరు. అది నొప్పితో కేకలు వేయదు. చడీచప్పుడు లేకుండ వస్తుంది. చొక్కా గుండీలు పెట్టుకోవడం కష్టమౌతుంది. అన్నం కలిపేటప్పుడు వేళ్లు మాట వినవు. చెప్పులు కాలినుండి జారినా తెలియదు. చీకటిలో నడక తూలుతుంది. నొప్పి లేదు కదా అని ఇటువంటివారే ఎక్కువగా ఆలస్యం చేస్తారు, నిజానికి ఆలస్యం తగనిది వీరికే. వెన్నుపాములో చెడినది తిరిగి రావడం కష్టం.

ఈ శస్త్రచికిత్సకు కష్టనష్టాలు లేకపోలేదు. వెన్నుపాము తొడుగు చిరిగి నీరు కారవచ్చు. గాయం చీము పట్టవచ్చు. కొందరిలో భుజం ఎత్తే అయిదవ నరం కొన్నాళ్లు బలహీనపడుతుంది. కొన్నేళ్లకు అదే చోట మళ్లీ శస్త్రం అవసరమైనవారూ ఉన్నారు. బావివంటి గొట్టంలో, తెరమీది బొమ్మలో లోతు తెలియక పనిచేయడం అలవాటు కావడానికి శస్త్రవైద్యునికి చాలా కాలం పడుతుంది. కాబట్టి "గంటు ఎంత ఉంటుంది?" అన్న ప్రశ్న కంటె "ఇటువంటివి ఎన్ని చేశారు?" అన్నది రోగి అడగదగిన ప్రశ్న. మన దేశపు పెద్ద నగరాలలో ఈ పద్ధతి నేడు వాడుకలో ఉన్నది.

మత్తు వదిలి కళ్లు తెరిచిన రోగికి తరచుగా మొట్టమొదట తెలిసేది చేతినొప్పి పోయిందన్న సంగతి. బలం వెనుక వస్తుంది. తిమ్మిరి అన్నిటికంటె చివర వదులుతుంది. ఒత్తిడికి నరం కమిలినంత మాత్రమే అయితే వారాలలో కోలుకొంటుంది. లోపలి పోగులు చచ్చి ఉంటే అవి మెడనుండి మళ్లీ పెరిగి రావాలి. ఆ పెరుగుదల రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు. మెడనుండి అరచేతికి ఉన్న దూరం ముప్పావు మీటరు అనుకొంటే, ఆ ప్రయాణానికి రెండేళ్లు పడుతుంది. అంతకాలం నరం అందక ఎండిన కండరం, అది చేరేనాటికి దాన్ని అందుకొనే స్థితిలో ఉండకపోవచ్చు.